బోర్డు పెట్టే ముందు: కళాశాలల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, యాజమాన్య సభ్యులకు, విభాగాధిపతులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

అభ్యసన వైకల్యాలున్న విద్యార్థుల కోసం కళాశాలలో నడిచే సహాయ కేంద్రానికి నేను చాలాకాలంగా బాధ్యురాలిగా ఉన్నాను. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్‌కాల్‌క్యులియా (అంకెలతో ఇబ్బంది), వీటికి తోడుగా తరచూ కనిపించే ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడంలో ఇబ్బంది) అన్న పేర్లు ఇప్పుడు మీలో చాలామందికి తెలుసు. ఇలాంటి కేంద్రం తామూ పెట్టాలని చాలా కళాశాలలు అనుకుంటున్నాయి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా సంతోషం కలుగుతుంది. కానీ పెడుతున్న తీరు చూస్తే బెంగగా ఉంటుంది. ఖాళీగా ఉన్న గది ఒకటి చూస్తారు. బయట బోర్డు పెడతారు. క్లాసులు కాస్త తక్కువున్న అధ్యాపకులెవరో ఒకరికి అదనపు బాధ్యతగా అప్పగిస్తారు. దరఖాస్తు ఫారం తయారవుతుంది. విద్యార్థి సర్టిఫికెట్ తెచ్చి ఇస్తే పరీక్షలో అదనపు సమయమో, విద్యార్థి చెబితే జవాబు రాసిపెట్టే స్క్రైబ్‌నో మంజూరు చేస్తారు. అక్కడితో పని పూర్తయిందని అందరూ అనుకుంటారు.

ఈ పని బోధన. కాగితాలు అందులో ఒక చిన్న భాగం. అందుకే ఈ కేంద్రాన్ని చదువుకు సంబంధించిన నిర్ణయాలు జరిగే చోట పెట్టండి, ఆ నిర్ణయాల్లో మాట చెల్లే మనిషి చేతిలో పెట్టండి. ఈ లేఖ రాయడానికి కారణం అదే. అలా ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మా దగ్గరికి వచ్చేది ఎవరో ముందు చెబుతాను. క్లాసులో ప్రశ్న అడిగితే అందరికన్నా ముందు జవాబు చెప్పి, థియరీ పేపర్లో మాత్రం పాస్ మార్కు దాటని అబ్బాయి. ల్యాబ్‌లో ప్రయోగం తప్పులేకుండా చేసి, రీడింగులు రాసుకునేటప్పుడు దశాంశ బిందువు ఒక స్థానం జరిపి మొత్తం ఫలితం పోగొట్టుకునే అమ్మాయి. లైబ్రరీలో సాయంత్రమంతా కూర్చుని నాలుగు పేజీలు కూడా దాటలేక లేచి వెళ్లిపోయేవాళ్లు. ఇంకొంచెం కష్టపడొచ్చుగా అన్న మాట చిన్నప్పటి నుంచి వినివిని, తాము సోమరులమేనని చివరికి నమ్మేసినవాళ్లు. ఈ నమ్మకమే అన్నిటికన్నా మొండిది. చదవడంలో ఇబ్బందికి దారి చూపించడానికి కొన్ని నెలలు సరిపోవచ్చు. ఈ నమ్మకం వదలడానికి ఒక్కోసారి డిగ్రీ కాలమంతా పడుతుంది.

ఇలాంటి పిల్లలు ఈమధ్యే పుట్టుకొచ్చారని కొందరంటారు. 1896లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పెర్సీ అనే పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశారు. చురుకైనవాడు, తెలివైనవాడు, ఆటల్లోనూ ముందుంటాడు, చదవడం మాత్రం ఎంత నేర్పినా రావడం లేదు. బోధన మొత్తం నోటితోనే సాగితే బడిలో అందరికన్నా తెలివైన కుర్రాడు ఇతనే అయ్యేవాడని అతనికి పాఠాలు చెప్పిన మాస్టారు అన్నట్టు ఆ వ్యాసంలో ఉంది. నూట ముప్పై ఏళ్లు కావస్తోంది. అదే మాట ఇవాళ కూడా మన స్టాఫ్‌రూముల్లో వినిపిస్తుంది. ఆ మాస్టారు ఆ అబ్బాయి తెలివిని గుర్తించారు, అక్కడే ఆగిపోయారు. గుర్తించాక ఏం చేయాలో ఆనాడు తెలియదు. ఇప్పుడు చాలావరకు తెలుసు.

మరో అధ్యయనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది కళాశాల విద్యార్థుల మీదే జరిగింది. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ దేశాల్లో విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న డిస్లెక్సియా ఉన్నవాళ్లను పరీక్షించారు. ఇటాలియన్‌లో రాసింది రాసినట్టే పలుకుతారు కాబట్టి అక్కడి విద్యార్థులు మిగిలినవాళ్లకన్నా తప్పులు తక్కువగా చదివారు. కానీ చదివేటప్పుడు మెదడు పనిచేసే తీరులో కనిపించిన తేడా మూడు దేశాలవాళ్లలోనూ ఒకటే. దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. అక్షరానికీ ధ్వనికీ సంబంధం నిలకడగా ఉండే లిపిలో డిస్లెక్సియా తప్పులుగా కాక, చదవడంలోని నెమ్మదితనంగా బయటపడుతుంది. మాతృభాషలో బాగానే చదువుతున్నాడు, కాబట్టి ఇబ్బందల్లా ఇంగ్లిష్‌తోనే అని తేల్చేయకండి. అతను మాతృభాషలో ఒక పేజీ చదవడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. చదివాక ఎంత అలిసిపోతున్నాడో అడగండి. అక్షరాలు కూడబలుక్కోవడానికే శక్తంతా ఖర్చయితే అర్థం పట్టుకోవడానికి మిగిలేది తక్కువ.

ఇక అసలు విషయం, బడి నుంచి కళాశాలకు వచ్చాక ఏం మారుతుందన్నది. బడిలో రోజుకో హోంవర్కు, వారానికో పరీక్ష, పక్కన కూర్చోబెట్టి చదివించే అమ్మానాన్నా ఉంటారు. కళాశాలలో ఒక సిలబస్ కాగితం, మూడు నాలుగు నెలల తర్వాత ఒక పరీక్ష. మధ్యలో ఏ రోజు ఏం చదవాలో ఎవరూ చెప్పరు. చట్టాలు కూడా ఈ మలుపు దగ్గరే మారతాయి. అమెరికాలో బడి వయసు పిల్లలకు ఇబ్బంది ఉందేమో వెతికి కనిపెట్టే బాధ్యత బడిదే. కళాశాలలో అడుగుపెట్టగానే ఆ బాధ్యత విద్యార్థి మీద పడుతుంది. తనకు ఫలానా ఇబ్బంది ఉందని తనే వచ్చి చెప్పుకోవాలి, కాగితాలు చూపించాలి, కావలసింది అడగాలి. చాలా దేశాల్లో ఆచరణ ఇలాగే ఉంది. పద్దెనిమిదేళ్ల మనిషిని పెద్దవాడిగా చూడటం సబబే. కానీ అడగడం కూడా నేర్చుకోవలసిన పనే. పదేళ్లు సిగ్గుతో దాచుకున్న సంగతిని కొత్త ఊళ్లో, కొత్త మనుషుల ముందు, మొదటి నెలలోనే చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? అందుకే మా కేంద్రానికి చాలామంది మొదటి పరీక్షలు తప్పాకే వస్తారు.

ఇప్పుడు అదనపు సమయం గురించి. అది తప్పకుండా ఇవ్వాలి, ఇందులో నాకు ఎలాంటి సందేహమూ లేదు. బ్రిటన్‌లో సాధారణంగా పావు వంతు ఇస్తారు, అమెరికాలో సగం ఎక్కువ ఇవ్వడం మామూలు, భారతదేశంలో మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం ఇరవై నిమిషాలు. నెమ్మదిగా చదివే మనిషికి ప్రశ్నపత్రం పూర్తిగా చదివే అవకాశమైనా దాని వల్ల దొరుకుతుంది. కానీ పాఠం తలకెక్కనివాడికి, ఎలా చదువుకోవాలో తెలియనివాడికి ముప్పావు గంట ఎక్కువ ఇస్తే, తెల్లకాగితం ముందు ముప్పావు గంట ఎక్కువ టెన్షన్ పడతాడు, అంతే. పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు నాలుగు నెలలున్నాయి. మా పనంతా ఆ నాలుగు నెలల్లోనే.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది అధికారులు దీన్ని చూడకుండానే బడ్జెట్ రాస్తున్నారు.

మొదటి వారంలో విద్యార్థి, మా టీచరు ఎదురెదురుగా కూర్చుంటారు. అన్ని సబ్జెక్టుల అసైన్‌మెంట్ తేదీలు, ఇంటర్నల్స్, ల్యాబ్ రికార్డులు, పరీక్షలు ఒకే కాగితం మీదికి తెస్తారు. మామూలు విద్యార్థి ఇది మనసులోనే చేసుకుంటాడు. మా పిల్లల్లో చాలామందికి ఆ కాగితం చూసినప్పుడే సెమిస్టరంతా మొదటిసారి కళ్లకు కడుతుంది. తర్వాత చివరి తేదీ నుంచి వెనక్కి లెక్క వేస్తారు. ప్రాజెక్టు రిపోర్టు ఫలానా రోజు ఇవ్వాలంటే దానికి వారం ముందు మొత్తం ఒకసారి చదివి వినాలి, అంతకు పది రోజుల ముందు అన్ని భాగాలూ ఎలాగోలా రాసి ఉండాలి, అంతకుముందు పుస్తకాలు చూసి ఉండాలి. అంటే ఈ వారం చేయవలసింది విషయం ఎంచుకుని గైడుతో మాట్లాడటం. పెద్ద పని చూసి కొయ్యబారిపోయే కుర్రాడు ఈ వారం ఒక మనిషితో మాట్లాడితే చాలు అన్నప్పుడు కదులుతాడు.

తర్వాత చదివే పద్ధతి. వెనకబడిన విద్యార్థికి అందరూ ఇచ్చే సలహా మళ్లీ చదువు అన్నది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు మాత్రం రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెట్టిన పరీక్షల్లో వాళ్లను దాటిపోయారు. ఈ ఫలితం అందరికీ ఉపయోగపడేదే. కానీ డిస్లెక్సియా ఉన్నవాళ్ల విషయంలో దీని విలువ ఇంకా ఎక్కువని నేను అనుకుంటాను. వాళ్లకు మళ్లీ చదవడమంటే అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టి అన్నిటికన్నా తక్కువ ఫలితం పొందడం. అందుకే మేం ఇలా నేర్పుతాం. ముందు అధ్యాయం చివరనున్న ప్రశ్నలు, శీర్షికలు చూడాలి. కంప్యూటరో ఫోనో పైకి చదువుతుంటే వింటూ, కళ్లతో అక్షరాల వెంట వెళ్లాలి. ఒక భాగం అవగానే ఆపి, పుస్తకం మూసి, అర్థమైనది సొంత మాటల్లో పైకి చెప్పాలి. చెప్పింది రికార్డు చేసుకోవాలి. రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఆ రికార్డింగే జవాబుకు మొదటి ప్రతి అవుతుంది. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ దాన్ని కాగితం మీదికి తెస్తుంది. తర్వాత దిద్దడం కూడా చెవితోనే. కంటికి దొరకని తప్పు పైకి చదివించుకుంటే చెవికి దొరుకుతుంది.

అంకెలతో ఇబ్బంది ఉన్నవాళ్లతో పని వేరుగా ఉంటుంది. గళ్ల కాగితం మీద ఒక గడికి ఒక అంకె చొప్పున రాయించి స్థానాలు తప్పిపోకుండా చూస్తాం. కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు జవాబు సుమారుగా ఎంత రావచ్చో చెప్పమంటాం. ప్రతి మెట్టులోనూ ప్రమాణాలు రాయమంటాం. దశాంశ బిందువు జరిగిపోయే అమ్మాయి, జవాబు ఇంత పెద్దగా రాదే అని తనంతట తను ఆగి వెనక్కి చూసుకున్న రోజు ఆమె టీచరుకు ఎంత పండగో మాటల్లో చెప్పలేను. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది మొదలుపెట్టడం. పక్కన ఇంకొకరు నిశ్శబ్దంగా తమ పని చేసుకుంటూ కూర్చుంటే చాలామంది మొదలుపెట్టగలుగుతారు. అందుకే మా గదిలో కొన్ని గంటలు ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పరు. పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. తనిఖీకి వచ్చినవాళ్లకు అక్కడ ఏ పనీ జరగనట్టు కనిపించవచ్చు. అక్కడ రోజంతా పని జరుగుతూనే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సాధన మాట్లాడటం. లెక్చరర్ దగ్గరికి వెళ్లి నాకు డిస్లెక్సియా ఉంది, ఏదో ఒకటి చేయండి సార్ అని అడిగితే ఆయనకు ఏం చేయాలో తోచదు. నేను చదవడానికి ఎక్కువ సమయం పడుతుంది సార్, స్లైడ్లు క్లాసుకు ముందురోజు పంపితే విని వస్తాను అని అడిగితే అది ఆయన చేయగలిగిన పని. ఈ రెండో మాట నేర్పడానికి మేం మా గదిలో రిహార్సల్ చేయిస్తాం. మా టీచరు లెక్చరర్‌గా నటిస్తారు, కాస్త విసుగు కూడా చూపిస్తారు. విసుగును తట్టుకుని మర్యాదగా మళ్లీ అడగడం కూడా నేర్చుకోవాలి కదా. ఉద్యోగంలో చేరాక అక్కరకొచ్చేది ఇదే.

ఇదంతా వారానికి ఒకసారో రెండుసార్లో, ఒకరితో ఒకరు కూర్చుని చేసేది. సబ్జెక్టు ట్యూటర్ దీన్ని చేయలేరు. వాళ్లు రసాయనశాస్త్రం చెబుతారు, రసాయనశాస్త్రాన్ని ఈ మనిషి ఎలా నేర్చుకోగలడో చెప్పరు. రెండూ కావాలి. చదవడం, రాయడం, జ్ఞాపకం ఎలా పనిచేస్తాయో చదువుకున్న, పెద్దవాళ్లకు బోధించిన అనుభవమున్న టీచర్లు మీకు కావాలి. ఒకరి మీద వందమందిని వేస్తే ఆ ఒకరు మళ్లీ సర్టిఫికెట్లు చూసే గుమాస్తాగా మిగులుతారు.

ఇప్పుడు నాయకత్వం మాట. కేంద్రం నడిపేవారికి అధికారం ఎందుకు కావాలంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక విద్యార్థికి క్లాసులో రికార్డు చేసుకునే అనుమతి కావాలని కేంద్రం నుంచి లేఖ వెళ్లిందనుకోండి. ఆ లెక్చరర్ ఒప్పుకోలేదు. కేంద్రం బాధ్యత చూస్తున్నది అదే విభాగంలోని జూనియర్ అధ్యాపకుడు. తన ప్రమోషన్ ఫైలు మీద సంతకం పెట్టే విభాగాధిపతితో ఆయన వాదించాలి. ఎన్నిసార్లు వాదించగలరు? లేఖ టేబుల్ సొరుగులోకి వెళుతుంది. విద్యార్థి మళ్లీ అడగడు. కాగితాల్లో మాత్రం సహాయం మంజూరైనట్టే ఉంటుంది. ఆ జూనియర్‌ను నేను తప్పుపట్టను. నిలబడలేని చోట ఆయన్ను నిలబెట్టినవాళ్లను అడుగుతాను.

అందుకని కేంద్రం నడిపే మనిషికి అకడమిక్ కౌన్సిల్‌లో కుర్చీ ఇవ్వండి. టైమ్‌టేబుల్ వేసే కమిటీలోనూ, పరీక్షల కమిటీలోనూ కూడా. పరీక్షల కమిటీలో ఎందుకని అడిగినవాళ్లున్నారు. ఉదయం మూడు గంటల పేపరుకు గంట కలిపితే, మధ్యాహ్నం ఇంకో పేపరున్న రోజు ఆ విద్యార్థికి భోజనం చేసే వేళ కూడా మిగలదు. అదనపు సమయమే అతనికి శిక్షగా మారుతుంది. టైమ్‌టేబుల్ అచ్చయ్యాక ఈ సంగతి కనిపెడితే ఎవరూ మార్చరు. వేసేటప్పుడే పక్కన ఒకరు కూర్చుని చెబితే ఐదు నిమిషాల పని. అలాగే చివరి పరీక్షలకు అదనపు సమయమిచ్చి ఇంటర్నల్స్‌కు, ల్యాబ్ పరీక్షలకు, ఆన్‌లైన్ క్విజ్‌లకు ఇవ్వకపోవడం చాలాచోట్ల చూస్తున్నాను. సగం మార్కులు అక్కడే పోయాక చివర్లో ఇచ్చిన గంట ఏం కాపాడుతుంది?

తోటి అధ్యాపకులతో కొంచెం మనసు విప్పి మాట్లాడాలి. ప్రమాణాలు పడిపోతాయన్న మీ భయం నాకు తెలుసు. అది చిన్నది కాదు, దాన్ని నేను కొట్టిపారేయను. నా దగ్గర ఉన్న జవాబు ఒక ప్రశ్న రూపంలో ఉంది. ఈ పరీక్షతో మీరు ఏం కొలుస్తున్నారు? చరిత్ర పేపర్లో కారణాలను, వాదనను కొలుస్తుంటే అక్షరదోషాలకు మార్కులు తీయడం అక్కర్లేదు. భాషా కోర్సులో రాత తీరునే నేర్పుతుంటే తీయాల్సిందే. మందు మోతాదు సరిగ్గా చదవడం నర్సింగ్ విద్యార్థికి తప్పనిసరి. అక్కడ మినహాయింపు ఇవ్వమని నేను ఎప్పుడూ అడగను. ఆ పని తప్పులేకుండా చేసే పద్ధతి ఆ విద్యార్థికి నేర్పే అవకాశం ఇవ్వమని అడుగుతాను, ఆగి, రెండోసారి సరిచూసుకుని, పైకి చదివి, ఇంకొకరితో ధ్రువీకరించుకునే పద్ధతి. ఏది కోర్సుకు ప్రాణమో, ఏది అలవాటుగా వచ్చిందో మీ విభాగమే కూర్చుని తేల్చాలి. ఆ మాట మేం చెప్పలేం. మీరు తేల్చి రాసిపెడితే మా పని సగం తేలికవుతుంది.

పెద్ద ఖర్చులేని ఒక పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మీరిచ్చే నోట్సును, పుస్తకం పేజీలను ఫోన్‌లో ఫోటో తీసి పంపకండి. అది బొమ్మ. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని నేరుగా చదవలేదు. ముందు అక్షరాలను గుర్తించాలి, వచ్చిన తప్పులు ఎవరో ఒకరు దిద్దాలి, ఆ దిద్దే పనిని చదవడం కష్టమైన విద్యార్థే చేసుకోవాలి. టైపు చేసిన ఫైలుంటే అదే పంపండి. 2013లో కుదిరి 2016 సెప్టెంబర్ 30న అమల్లోకి వచ్చిన మరాకేష్ ఒప్పందం చూపులేనివాళ్లతో పాటు చదవడంలో వైకల్యం ఉన్నవాళ్లకు కూడా పుస్తకాలను వీలైన రూపంలోకి మార్చి ఇచ్చేందుకు కాపీరైట్‌లో మినహాయింపు కల్పించమంటుంది. దాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం భారతదేశం. ఈ సంగతి మన లైబ్రేరియన్లందరికీ తెలిసి ఉండాలి.

ఇలాంటి కేంద్రాలు కొత్త ప్రయోగమేమీ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కర్రీ కళాశాల ఇలాంటి కార్యక్రమాన్ని 1970లోనే మొదలుపెట్టింది. అరిజోనా విశ్వవిద్యాలయంలో సాల్ట్ కేంద్రం 1980 నాటిది. వెర్మాంట్‌లోని లాండ్‌మార్క్ కళాశాల 1985లో డిస్లెక్సియా ఉన్న విద్యార్థుల కోసమే పుట్టింది. వీటి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది, ముఖ్యంగా కుదురైన టీచర్లతో క్రమం తప్పకుండా జరిగే బోధన. కానీ ఒక విషయంలో ఆ దారిలో వెళ్లవద్దని కోరుతున్నాను. కర్రీ, అరిజోనాల్లో ఇలాంటి పూర్తిస్థాయి సహాయానికి మామూలు ఫీజుపైన విడిగా ఫీజు కట్టాలి. చట్టం తప్పనిసరి చేసిన అదనపు సమయం లాంటివే ఉచితం. దాంతో స్తోమత ఉన్నవాడికి బోధన, లేనివాడికి గడియారం మిగులుతాయి. మీ కేంద్రం ఖర్చును లైబ్రరీ ఖర్చులాగే అందరి ఖర్చుగా చూడండి.

చట్టాల గురించి ఎక్కువ రాయను, మీకు సలహాదారులున్నారు. అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టం, బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం, భారతదేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, వీటికి వెన్నుగా దివ్యాంగుల హక్కులపై 2006 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఉన్నాయి. భారత చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. చట్టం భయంతో పెట్టిన కేంద్రం చట్టం అడిగినంతే చేస్తుంది. అంతకన్నా ఎక్కువ చేయగలిగినవాళ్లు మీరు.

సర్టిఫికెట్ విషయంలో కాస్త దయ చూపించండి. కళాశాలకు వచ్చేదాకా ఎవరూ గుర్తించని పిల్లలు ఎందరో. తెలివి ఎక్కువున్నవాళ్లు విని గుర్తుపెట్టుకుని, స్నేహితుల చేత చదివించుకుని ఇంతదూరం లాక్కొస్తారు. డిగ్రీలో చదవవలసినది ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ ఉపాయం చాలదు. పరీక్షలు చేయించి కాగితం తెచ్చుకోవడానికి డబ్బు, నెలలు, అపాయింట్‌మెంట్లు కావాలి. పరీక్షలో మినహాయింపులకు కాగితం అడగండి, అది న్యాయమే. మా టీచరుతో కూర్చుని ఎలా చదవాలో నేర్చుకోవడానికి మాత్రం ఏ కాగితమూ అడగకండి. ఆ గంట ఎవరికిచ్చినా వృథా పోదు.

పేరు బయటపడకుండా చూడటం గురించి కూడా గట్టిగా చెప్పాలి. క్లాసులో నిలబెట్టి, అదనపు సమయం తీసుకునేవాళ్లు ఇటు రండి అని పిలవడం ఇప్పటికీ జరుగుతోంది. ఒక్కసారి అలా జరిగితే ఆ విద్యార్థి ఆ సహాయాన్ని వదులుకుంటాడు, వాణ్ని చూసి ఇంకో నలుగురు అడగడం మానేస్తారు. లెక్చరర్‌కు వెళ్లే లేఖలో ఏం కావాలో ఉంటే చాలు, ఏ వైకల్యమో ఉండనక్కర్లేదు. తల్లిదండ్రులు ఫోన్ చేసినప్పుడు కూడా విద్యార్థి అనుమతి లేకుండా మేం వివరాలు చెప్పం. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది, బడిలో పదేళ్లు పోరాడింది వాళ్లే. అయినా ఇప్పుడు పగ్గాలు పిల్లల చేతికి రావాలి.

రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు, మెదడు శిక్షణ పేరుతో అమ్మకానికి వచ్చేవాళ్లు మీ తలుపు కూడా తడతారు. డిస్లెక్సియాకు రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు పనిచేస్తాయనడానికి సరైన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి. ఆ డబ్బుతో ఒక టీచరును పెట్టుకోండి.

సంవత్సరం చివర మీరు మా నుంచి నివేదిక అడుగుతారు. ఎన్ని సర్టిఫికెట్లు అందాయి, ఎంతమందికి స్క్రైబ్‌ను ఇచ్చాం అన్న లెక్క మాత్రమే అడగకండి. మొదటి ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాదికి ఎంతమంది వచ్చారు, రానివాళ్లు ఎందుకు రాలేదు, మొదట్లో వారానికి రెండుసార్లు వచ్చి ఇప్పుడు నెలకోసారి వస్తే చాలనుకుంటున్నవాళ్లు ఎందరు అని అడగండి. కొందరు చివరి సెమిస్టర్ దాకా వారం వారం వస్తూనే ఉంటారు. వాళ్లను మా వైఫల్యంగా రాయకండి. వాళ్లు చదువు మానేయకుండా ఉన్నారు.

వచ్చే విద్యాసంవత్సరం టైమ్‌టేబుల్, బడ్జెట్ ఖరారు చేసే సమావేశం మీ కళాశాలలో త్వరలోనే జరుగుతుంది. ఆ సమావేశానికి కేంద్రం బాధ్యులను పిలవండి. ఇంకా ఎవరినీ నియమించకపోతే పూర్తికాలపు ఉద్యోగంగా నియమించండి, వారిని ఏ ఒక్క విభాగం కిందా కాకుండా నేరుగా ప్రిన్సిపాల్ దగ్గర ఉంచండి. వారితో పాటు కనీసం ఒక టీచరు జీతాన్ని బడ్జెట్‌లో రాయండి. కొత్త విద్యార్థుల చేరిక రోజున ఇచ్చే కాగితాల్లో, ఇలాంటి కేంద్రం ఉందనీ, సర్టిఫికెట్ లేకపోయినా వచ్చి మాట్లాడవచ్చనీ రెండు పంక్తులు చేర్చండి. గది తర్వాత చూసుకోవచ్చు.

మీ కళాశాలలో ఈ పని మొదలుపెట్టబోయేవారు ఎవరైనా సరే, మా కేంద్రానికి వచ్చి మేం చేసేది చూసి వెళ్లవచ్చు.

ఇట్లు,
మీ తోటి అధ్యాపకురాలు,
అభ్యసన వైకల్యాలున్న విద్యార్థుల సహాయ కేంద్రం బాధ్యురాలు